పాత త్రీ నాట్ త్రీని అమ్మాయితో కలిసి బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము అమెరికాలో, ఒహాయోలో ఉంటాం. రెండేళ్ల కిందటి శీతాకాలంలో, మా అమ్మాయికి పన్నెండేళ్లు నిండినప్పుడు, ఇద్దరం కలిసి ఒక పాత సైనిక రైఫిల్‌ను బాగుచేయడం మొదలుపెట్టాం. 1942లో ఇషాపూర్‌లో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ అది. ఈ సంగతి తెలిసిన దగ్గరనుంచి స్నేహితులు, బంధువులు, బడిలో కలిసే తల్లిదండ్రులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కొన్నిటికి కాస్త కూర్చుని మాట్లాడాలి.

ఇంతకీ అది ఏ రైఫిల్?

లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1, మార్క్ 3 స్టార్. మన ఊళ్లలో పోలీసు భుజాన, బ్యాంకు కాపలావాడి చేతిలో చూసిన త్రీ నాట్ త్రీ కుటుంబానికి చెందినదే. బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి వెనుకనుంచి మూసే కడ్డీ), మ్యాగజీన్ (తూటాల పెట్టె) అమరిక జేమ్స్ పారిస్ లీ అనే ఆయనది. ఎన్‌ఫీల్డ్ అంటే లండన్ పక్కనున్న ప్రభుత్వ తుపాకుల కర్మాగారం. గొట్టం లోపలి కొలత 0.303 అంగుళం కాబట్టి త్రీ నాట్ త్రీ అన్నారు. మ్యాగజీన్‌లో పది తూటాలు పడతాయి. బరువు దాదాపు నాలుగు కిలోలు. మార్క్ 3 వచ్చింది 1907లో. మొదటి ప్రపంచ యుద్ధంలో తయారీ వేగం పెంచడానికి కొన్ని భాగాలు తీసేసి మార్క్ 3 స్టార్ చేశారు.

ఇషాపూర్ పశ్చిమ బెంగాల్‌లో, హుగ్లీ ఒడ్డున ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నంబర్ 4 అనే కొత్త నమూనాకు మారిపోయినా, ఇషాపూర్ మాత్రం ఈ పాతదాన్నే చేస్తూ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆపలేదు. 1962లో చైనాతో యుద్ధానికి మన జవాన్లు పట్టుకుని కొండలెక్కింది ఈ బోల్టు తుపాకులే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతు తర్వాత వీటికి వీడ్కోలు పలికారు.

అమెరికాలో అందరూ గరాండ్ కొనుక్కుంటారు కదా, ఇదే ఎందుకు?

నిజమే, ఇక్కడ తండ్రీకొడుకులు కలిసి ఈ పని చేయాలనుకుంటే మొదట చెప్పే పేరు అమెరికా సైన్యం వాడిన పాత రైఫిల్ ఎం1 గరాండ్. ఆ తర్వాత రష్యా మోసిన్-నగాంట్. రెండూ మంచివే. మాకు మాత్రం మన దేశంలో పుట్టి, సముద్రాలు దాటి, 1980ల తర్వాత మిగులు సరుకుగా అమెరికా చేరిన తుపాకీ కావాలనిపించింది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరినుంచి కుర్రవాళ్లు వెళ్లారు. అలాంటి వాళ్ల చేతుల్లోకి వెళ్లింది ఈ రకం తుపాకీయే. మేము కొన్నది ఎవరి చేతిలో ఉండేదో తెలుసుకునే దారి లేదు. అయినా మా అమ్మాయి మొదటి రోజే అడిగింది: "నాన్నా, ఇది ఎవరిది?" ఆ ప్రశ్న మమ్మల్ని ఏడాదంతా వదల్లేదు.

నేను హెచ్-1బి వీసాపై ఉన్నాను. కొనవచ్చా?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, జవాబు కూడా అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది ఇక్కడే. వలసేతర వీసాపై వచ్చినవాళ్లు, అంటే హెచ్-1బి, ఎఫ్-1 వంటివాటిపై ఉన్నవాళ్లు, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. కొనడం ఒక్కటే నేరమని చాలామంది అనుకుంటారు. కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. మీ పిల్లలు ఇక్కడ పుట్టిన పౌరులు కావడం వల్ల మీ పరిస్థితి మారదు. ఇందులో పొరపాటు జరిగితే పోయేది తుపాకీ కాదు, ఈ దేశంలో మీ బతుకు. గ్రీన్ కార్డు చేతికి వచ్చాకే నేను దుకాణం గడప తొక్కాను. మీ విషయంలో ఏ కాస్త సందేహమున్నా ముందు వలస చట్టాలు తెలిసిన న్యాయవాదితో మాట్లాడండి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, పౌరులు కొనవచ్చు. దుకాణంలో 4473 అనే ఫారం నింపాలి, వివరాల తనిఖీ జరుగుతుంది. రైఫిల్ కొనడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. పిల్లలు ఎప్పుడు, ఎవరి సమక్షంలో పట్టుకోవచ్చు, ఇంట్లో ఎలా దాచాలి అన్నవి రాష్ట్రాన్నిబట్టి మారతాయి. మీ రాష్ట్రం నియమాలు చదివి తీరాలి.

భారతదేశంలో ఉంటూ ఈ పని చేయవచ్చా?

చేయలేరు. 1959 ఆయుధాల చట్టం కింద త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు. ఇంట్లో అటకమీద తాతగారి కాలంనాటి తుపాకీ దొరికితే బాగుచేయడం మొదలుపెట్టకండి. వెంటనే పోలీసులకు తెలియజేయండి. చేతిపనే కావాలంటే పాత కుట్టుమిషన్‌తో మొదలుపెట్టండి. ఇనుము, కర్ర, నూనె, తుప్పు అన్నీ అందులోనూ ఉంటాయి.

పిల్లలకు ఎన్నేళ్లు ఉండాలి?

అంకె చెప్పలేను. నేను చూసింది ఒక్కటే: చెప్పిన మాటను నేను పక్కన లేనప్పుడు కూడా పాటిస్తుందా? వంటింట్లో కత్తి, పొయ్యి విషయంలో పాటిస్తోందని రెండేళ్లు గమనించాకే ఒప్పుకున్నాను.

మొదలుపెట్టే ముందు నెలరోజులు తుపాకీ లేకుండానే నియమాలు నేర్చుకున్నాం. ప్రతి తుపాకీనీ తూటాలు నిండినదిగానే చూడాలి. గొట్టం మనిషివైపు తిరగకూడదు. కాల్చే క్షణం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. గురి వెనుక ఏముందో తెలిసి ఉండాలి. ఒక చెక్కముక్క ఇచ్చి దానితో ఇల్లంతా తిరగమన్నాను. మూడో రోజు వాళ్లమ్మ గది దాటుతుంటే తను ఆ చెక్కముక్కను తనంతట తానే నేలవైపు వంచడం చూశాను. అప్పుడు దుకాణానికి ఫోన్ చేశాను.

కొనేటప్పుడు ఏమి చూడాలి?

గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు స్పష్టంగా కనిపించాలి. బోల్టు మీది వరస సంఖ్య, తుపాకీ మీది సంఖ్య ఒకటే కావాలి. వేరైతే నిపుణుడికి చూపించకుండా కాల్చకూడదు. డి.పి. అనే అక్షరాలు కొట్టి ఉంటే అది కవాతుకు మాత్రమే కేటాయించినది. గోడకు తగిలించుకోవచ్చు గానీ ఎప్పటికీ కాల్చకూడదు. గొట్టం కింద ఉండే ముందు కర్రకు రాగితీగ చుట్టి ఉంటే అది గ్రెనేడ్లు విసరడానికి వాడినది, దానికీ దూరంగా ఉండండి. ఇషాపూర్‌లోనే చేసిన 2ఎ అనే రకం చూడటానికి ఇలాగే ఉంటుంది కాని దాని తూటా వేరు, 7.62 మిల్లీమీటర్లది. ఒకదాని తూటా మరొకదానిలో వాడకూడదు.

మేము చూసుకోనిది ఒకటుంది. ముందు కర్ర వెనుక భాగంలో వెంట్రుకంత పగులు. అమ్మిన దుకాణం చెప్పలేదు, గ్రీజు కింద మాకు కనిపించలేదు. ఆ పగులు ఎలా వచ్చిందో తర్వాతి ప్రశ్నలో చెబుతాను.

విప్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మ్యాగజీన్ తీయండి, బోల్టు వెనక్కి లాగండి, గొట్టం వెనుక తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. తర్వాత అదే పని పిల్లలతో చేయించండి. మీరు చూశారు కదా అని వాళ్లు ఊరుకోకూడదు. మా ఇంట్లో ఇప్పటికీ ఇద్దరం చూస్తేనే ఖాళీ అయినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ తుపాకీకైనా బట్, అంటే భుజానికి ఆనించే వెనుక కర్ర, మొదట ఊడదీయాలని చేతికి అనిపిస్తుంది. ఈ తుపాకీకి ఆ పని చేయకూడదు. బట్‌ను పట్టి ఉంచే పొడవాటి మర బోల్టు (ఇందాక వెనక్కి లాగిన బోల్టు కాదు) చివర చదరంగా ఉంటుంది. ఆ చదరపు కొస ముందు కర్ర వెనుక భాగంలో అమర్చిన చిన్న ఇనుప పలకలోకి దూరి ఉంటుంది, బోల్టు వదులు కాకుండా ఉండటానికి. ముందు కర్ర తీయకుండా బట్ బోల్టు తిప్పారంటే ఆ చదరపు కొస లోపల గిర్రున తిరిగి కర్రను చీల్చేస్తుంది. మాకంటే ముందు ఎవరో ఒకరు సరిగ్గా అదే చేశారు. మా తుపాకీ పగులు అదే.

కాబట్టి ముందుగా ముక్కు దగ్గరి ఇనుప తొడుగు, తర్వాత నడుమ పట్టీ, ఆపై ట్రిగ్గర్ కాపు మరలు, అప్పుడు ముందు కర్రను నిదానంగా కిందికి దించాలి. బలవంతం చేయకండి. డెబ్బై ఎనభై ఏళ్లుగా ఒకదానినొకటి పట్టుకుని ఉన్న ఇనుము, కర్ర అవి. మరల గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూ డ్రైవర్ వాడండి. వదులుగా ఉన్నది వాడితే జారి గాడి చెడిపోతుంది. లోపల గొట్టాన్ని పైకి నెట్టే చిన్న స్ప్రింగు ఉంటుంది, ఎగిరిపోయి మంచం కిందికి చేరుతుంది. మేము గుడ్ల అట్టపెట్టె తెచ్చి గుంటలకు అంకెలు వేశాం. ఏది ముందు వచ్చిందో అది మొదటి గుంటలో. ప్రతి మెట్టుకూ ఒక ఫోటో తీసే పని అమ్మాయిది.

ఆఖరికి బట్ వెనుక ఇత్తడి పలకలో ఉన్న చిన్న తలుపు తెరిచాం. ఆ తలుపు కింద కర్రలోకి తొలిచిన గుంటలో ఇత్తడి నూనె సీసా, గొట్టం తుడిచే తాడు దాస్తారు. మాకు తాడు దొరకలేదు గాని సీసా దొరికింది. మూత తిప్పితే అడుగున నల్లగా గడ్డకట్టిన నూనె. ఆ సీసా వెనుక, బట్ బోల్టు తలకు అడ్డంగా గుండ్రంగా కోసిన తోలు ముక్క కూడా చెక్కుచెదరకుండా ఉంది. అమ్మాయి ఆ తోలు ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "దీన్ని కోసినవాళ్లకు ఇది నా చేతికి వస్తుందని తెలియదు కదా" అంది.

ఈ గ్రీజు ఎలా పోతుంది?

నిల్వలో తుప్పు పట్టకుండా పూసిన చిక్కటి గ్రీజు అది. ఇనుప భాగాలకు పెయింట్ పలచన చేసే మినరల్ స్పిరిట్స్‌తో, ఆరుబయట, చేతి తొడుగులతో. కర్రకు మాత్రం ఓపిక కావాలి. నల్ల ప్లాస్టిక్ సంచిలో పాత గుడ్డలతో చుట్టి ఎండలో పెడితే వేడికి గ్రీజు చెమటలా పైకి వస్తుంది. తుడిచి మళ్లీ పెట్టాలి. ఒహాయో ఎండకు మాకు ఆరు వారాలు పట్టింది. విజయవాడ ఎండైతే రెండు రోజుల పని. పని మధ్యలో ఏమీ తినకూడదు, తర్వాత మోచేతుల వరకు సబ్బుతో కడుక్కోవాలి.

కర్రను ఉప్పుకాగితంతో రుద్ది కొత్తదానిలా చేయవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. కర్ర మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి: తనిఖీదారులవి, మరమ్మతు చేసినవాళ్లవి, తేదీలు. ఆ లోతు వెంట్రుక మందం. ఉప్పుకాగితం నాలుగుసార్లు లాగితే ఎనభై ఏళ్లు పోతాయి, తిరిగి రావు. అంతేకాదు, కర్ర ఇనుముకంటే ఒక పిసరు ఎత్తుగా ఉండేట్టు చేస్తారు. రుద్దితే ఇనుము పైకి తేలి తుపాకీ వికారంగా అవుతుంది. సంతలో ఇలా రుద్ది నిగనిగలాడే వార్నిష్ పూసిన తుపాకీలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. పాత గుడిలో శాసనం మీద సున్నం కొట్టినట్టుంటుంది.

నొక్కులు మాత్రం పైకి తేవచ్చు. తడి నూలుగుడ్డ మడిచి నొక్కు మీద పెట్టి, వేడి ఇస్త్రీపెట్టె కొసతో అద్దితే ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి లేస్తాయి. ముద్రలున్న చోట ఇది చేయకండి, వాటినీ చదును చేసేస్తుంది. మా అమ్మాయికి అన్నిటికంటే నచ్చిన పని ఇదే. ఇస్త్రీపెట్టె నేను పట్టుకున్నాను, గుడ్డ ఎక్కడ పెట్టాలో తను చెప్పింది. బట్ ఎడమవైపు అర్ధచంద్రంలా లోతుగా ఒక నొక్కు ఉంది. అది తీయడానికి ఒప్పుకోలేదు. "ఎవరో దేనికో గట్టిగా కొట్టారు నాన్నా, అది వాళ్లది" అంది. అలాగే ఉంచాం.

పగులుకు లోపల గ్రీజు పూర్తిగా పోయేలా కడిగి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురు నింపి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టాం. రెండు రోజులు ముట్టుకోలేదు.

కర్రకు ఏ నూనె?

అవిసె నూనె. సైన్యంలో వాడింది ముడి అవిసె నూనే. దుకాణాల్లో బాయిల్డ్ అని అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహాల లవణాలు కలుపుతారు, అది వాడినా తప్పులేదు గాని పిల్లల చేతులకు ముడి నూనే మేలు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, చేయి వేడెక్కేదాకా రుద్దాలి. పావుగంట ఆగి మిగిలినదంతా తుడిచేయాలి. మొదటి వారం రోజూ ఒకసారి, ఆ నెలంతా వారానికొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి. కర్ర రంగు మెల్లగా బెల్లం పాకం రంగుకు వస్తుంది.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఒకటుంది, చాలామందికి తెలియదు. అవిసె నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఇళ్లు కాలిపోయాయి. వాడిన ప్రతి గుడ్డనూ ఆరుబయట విడదీసి పరచి పూర్తిగా ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన డబ్బాలో ముంచి మూతపెట్టండి.

తుప్పు?

తుపాకీ నూనె, అతి సన్నని ఉక్కు పీచు, తేలిక చేయి. మొండి మచ్చల మీద నూనె వేసి రాగి నాణెం అంచుతో గీకితే తుప్పు పోతుంది, ఉక్కు నిలుస్తుంది. అమెరికాలో 1982కు ముందునాటి సెంటు నాణేలు దాదాపు మొత్తం రాగివి, వెతికి పెట్టుకోండి. కొత్తగా నలుపు పోతలు పెట్టించకండి.

ఆ ముద్రలకు అర్థం ఏమిటి?

బట్, తుపాకీ కలిసే చోట కుడివైపు చూడండి. మాదానిపై పైన కిరీటం, కింద జి.ఆర్.ఐ., దాని కింద ఇషాపూర్, 1942, ఆపై నమూనా పేరు. జి.ఆర్.ఐ. లాటిన్ మాటల పొడి అక్షరాలు: జార్జి, రాజు, చక్రవర్తి. భారతదేశానికి చక్రవర్తి కాబట్టి ఆ చివరి అక్షరం. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ తుపాకీలపై కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. గొట్టంపై ఎక్కడో చిన్న అక్షరాలతో అమెరికాకు దిగుమతి చేసుకున్న సంస్థ పేరు, ఊరు ఉంటాయి. ఒకే తుపాకీ మీద ఒక సామ్రాజ్యం, ఒక కర్మాగారం, ఒక ఓడరేవు వ్యాపారం. చరిత్ర పాఠానికి ఇంతకంటే ఏమి కావాలి అనిపించింది నాకు.

ఫోన్‌లో వీడియోలో మా నాన్నగారికి చూపించాం. కాలేజీలో ఆయన ఎన్.సి.సి.లో ఉండేవారు. "కవాతంతా దీనితోనే చేశామమ్మా. కాల్చింది మాత్రం పాయింట్ టూ టూతో. ఇది మోసి మోసి ఎడమ భుజం ఒరిగిపోయేది" అన్నారు మనవరాలితో. ఆయన చెప్పిన తర్వాత తను దాన్ని ఎడమ భుజాన పెట్టుకుని చూసింది.

కాల్చవచ్చా?

తుపాకుల మరమ్మతు తెలిసిన నిపుణుడు పరీక్షించి సరే అన్నాకే. ముఖ్యంగా చూడాల్సింది హెడ్‌స్పేస్, అంటే బోల్టు మూసినప్పుడు తూటా అంచుకు లోపల ఎంత చోటు ఉందన్నది. అది ఎక్కువైతే తూటా ఇత్తడి తొడుగు చీలి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు. కొలబద్దలు ఉంటాయి, ఇంట్లో ఊహించుకుని తేల్చే పని కాదు.

తూటాలు కొత్తవి కొనండి. పాత మిగులు తూటాలు ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కిన కాసేపటికి పేలతాయి. పేలనప్పుడు గొట్టం గురివైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. ఆ పాత తూటాల అడుగున మందును రగిల్చే ప్రైమర్‌లో తరచుగా పొటాషియం క్లోరేట్ ఉంటుంది, అది కాలి ఉప్పుగా మారి గొట్టంలో పేరుకుంటుంది. తేమ తగిలితే ఒక్కరాత్రిలో తుప్పు. దానికి నూనె పనిచేయదు, వేడినీళ్లే కావాలి. మరిగించిన నీళ్లు గరాటుతో గొట్టంలో పోసి, ఆరబెట్టి, అప్పుడు నూనె.

మా అమ్మాయి మొత్తం మూడు తూటాలు కాల్చింది. బల్లమీద ఆనించి, చెవులకూ కళ్లకూ రక్షణతో, నా చేయి తన భుజం వెనుక ఉండగా. నాలుగోది వద్దంది. బలవంతం చేయలేదు.

తుపాకీ మనుషుల్ని చంపడానికి చేసింది. అలాంటిదాన్ని పిల్ల చేతికి ఎలా ఇచ్చారు?

ఈ ప్రశ్న మా ఆవిడే మొదట అడిగింది. ఆమె అడిగినందుకే ఈ పని సక్రమంగా జరిగింది. ఇది చంపడానికి చేసిందే. ఆ మాట దాచలేదు. యుద్ధంలో దీన్ని ఎవరు మోశారు, ఎవరి సామ్రాజ్యం కోసం, ఎదుట ఎవరున్నారు అని అమ్మాయి అడిగినప్పుడు తెలిసింది చెప్పాను. ఇదే రకం తుపాకీలను మన ప్రజల మీదికే తిప్పారనీ చెప్పాను: 1919లో జలియన్‌వాలాబాగ్‌లో సైనికులు కాల్చింది త్రీ నాట్ త్రీలతోనే. ఆ రోజు తను పని చేయలేదు. గుడ్డ కప్పి వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత తనే వచ్చి గుడ్డ తీసింది.

మేముండే దేశంలో తుపాకీలు ఇరుగుపొరుగు ఇళ్లలో ఉన్నాయి. బడిలో కాల్పులు జరిగితే బల్లకింద ఎలా దాక్కోవాలో పిల్లలకు నేర్పుతున్నారు. మా అమ్మాయికి తుపాకీ గురించి సినిమాలో, వార్తల్లో కనిపించేదే తెలిసి ఉండాలా, లేక మర తిప్పి, గ్రీజు తుడిచి, బరువు మోసి తెలుసుకోవాలా అన్నప్పుడు నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. మరో తల్లీతండ్రీ వద్దనుకుంటే వాళ్లతో వాదించను.

ఎక్కడ దాచారు?

ఉక్కు బీరువాలో, తూటాలు లేకుండా, తాళం వేసి. బోల్టు విడిగా మరో తాళంలో. తూటాలు ఇంకోచోట. సంకేత సంఖ్య అమ్మాయికి తెలియదు, తెలియకూడదని తనకు తెలుసు.

పని పూర్తయిందని ఎప్పుడు అనుకున్నారు?

నవంబరులో తిరిగి బిగించాం, విప్పిన వరసకు తలకిందులుగా, గుడ్ల పెట్టె చివరి గుంటనుంచి మొదటి గుంటకు. ఒక మర గాడి పూర్తిగా చెడిపోయి ఉంటే దాన్ని మాత్రం మార్చాం. ఇత్తడి సీసాను కడిగి కొత్త నూనె పోశాం. తోలు ముక్కను ఉన్నచోటే పెట్టాం. ఆఖరున అమ్మాయి ఒక చిన్న కాగితం మీద, ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఇంగ్లీషులో, ఏమి తుడిచామో, పగులు ఎక్కడ అతికామో, ఏ మర కొత్తదో, ఏ నొక్కు కావాలని వదిలేశామో తేదీతో సహా రాసింది. దాన్ని చుట్టి, మైనపు కాగితంలో పెట్టి, నూనె సీసా పక్కన దూర్చి, ఇత్తడి తలుపు మూసింది.